పీఎస్5: ఆ డిస్క్ స్లాట్‌కి పెట్టిన పదివేలు

నేను సోనీ వాళ్ల గేమింగ్ మెషీన్ పీఎస్5 కొన్నది 2021 చివర్లో. అప్పుడు ఆటల డిస్కులు పెట్టుకునే స్లాట్ ఉన్న డిస్క్ మోడల్ ₹49,990, స్లాట్ లేకుండా ఆటల్ని నెట్‌లోనే కొని దించుకునే డిజిటల్ ఎడిషన్ ₹39,990. లోపల సరుకంతా ఒకటే. సన్నటి స్లాట్ ఒక్కదానికి పదివేలు ఎందుకని ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఇన్నేళ్లు వాడాక చెబుతున్నాను, ఇంతగా అక్కరకొచ్చిన పదివేలు నాకు ఇంకోటి గుర్తు రావడం లేదు.

కొన్న రోజు రాత్రే ఆ సంగతి తెలిసింది. పాత పీఎస్4ను తమ్ముడికి ఇచ్చేద్దామని సర్దుతున్నాను. అలమారలో పీఎస్4 ఆటల డిస్కులున్న తొమ్మిది నీలం డబ్బాలున్నాయి, అవీ వాడికే అనుకున్నాను. ఊరికే చూద్దామని ‘గాడ్ ఆఫ్ వార్’ డిస్క్ తీశాను. అంచున చిన్న గీత కూడా ఉంది. స్లాట్ దగ్గర పెట్టగానే నా వేళ్ల మధ్య నుంచి మెల్లగా లోపలికి లాక్కుంది. పాత మెషీన్‌లో సెకనుకు 30 ఫ్రేములకు (బొమ్మలకు) మించని ఆట కొత్తదాంట్లో 60తో నడిచింది, అదీ పైసా అదనంగా కట్టకుండా! ఆటలో గొడ్డలి విసిరి వెనక్కి పిలవడం తప్ప ఆ రాత్రి ఇంకేం చేయలేదు. తెల్లారేసరికి డబ్బాలన్నీ మళ్లీ నా అలమారలోకి చేరాయి. తమ్ముడికి మెషీన్ ఒక్కటే వెళ్లింది.

తర్వాత లెక్క ఇంకా బాగుంది. అప్పట్లో పెద్ద పీఎస్5 ఆట కొత్తది ₹4,999 ఉండేది. ఆఫీసులో మేం నలుగురం డిస్కులు మార్చుకుంటాం. మిగతావి ఆడేసి అమ్మేస్తాను, ₹2,800కి కొన్నది నెల తిరక్కుండా ₹2,400కి పోయింది. రెండో దసరా నాటికే పదివేలు తిరిగొచ్చేశాయి.

కొత్తది వస్తే పాతది చౌకవుతుందని మనందరికీ ఓ నమ్మకం. అది ఊరికే పుట్టలేదు. 2000లో అమెరికాలో 299 డాలర్లకు వచ్చిన పీఎస్2, పీఎస్3 వచ్చాక కూడా అమ్ముడవుతూ 2009లో 99కి దిగింది. ఆ లెక్కన తొందరపడ్డానేమో అని నేనూ బెంగపడ్డాను. కానీ 2022 నవంబరులో పీఎస్5 ధరలు పెరిగి ₹54,990, ₹44,990 అయ్యాయి. 2024 ఏప్రిల్‌లో సన్నటి కొత్త మోడల్ స్లిమ్ కూడా అదే ధరలకు వచ్చింది. డిస్క్‌కి తేడా మాత్రం అదే పదివేలు. ఆ ఏడాది నవంబరులో విదేశాల్లో దించిన ఇంకా శక్తిమంతమైన మోడల్ ప్రో అప్పుడు అమెరికాలో 700 డాలర్లు, అందులో డిస్క్ డ్రైవే లేదు, విడిగా కొనుక్కోవాలి. అది చదివాక నా లావుపాటి మొదటి మోడల్‌ను ఇంకా జాగ్రత్తగా తుడుచుకుంటున్నాను.

డిస్క్ ఉంటే నెట్‌తో పనే లేదని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ని. ఇప్పుడలా చెప్పను. డిస్క్ వేశాక కూడా పదుల జీబీల అప్‌డేట్ దిగిన సందర్భాలున్నాయి. ఒకసారి ఆన్‌లైన్‌లో తెలియని వ్యక్తి దగ్గర కొన్న డిస్క్ ఇన్‌స్టాల్ సగంలో ఆగిపోయింది, ఆ ₹1,500 పోయినట్టే. పండగ సేల్ పెట్టినప్పుడు డిజిటల్ ధర సెకండ్ హ్యాండ్ డిస్క్ కన్నా తక్కువకే దొరకడమూ చూశాను.

నాకు పాత డిస్కులున్నాయి, పక్క సీట్లో మార్చుకునేవాళ్లున్నారు, అందుకే కలిసొచ్చింది. మా బావమరిదిది చిన్న ఊరు, అక్కడ డిస్కులు మార్చుకునేవాళ్లెవరూ లేరు. నేనే డిజిటల్ తీసుకోమన్నాను, మిగిలిన పదివేలతో సేల్‌లో ఏడు ఆటలు కొనుక్కున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు మాత్రం నా అలమార ముందు చాలాసేపు నిలబడి ఒక డబ్బా తీస్తాడు. ఇంటికి తీసుకెళ్లినా పెట్టుకోవడానికి స్లాట్ లేదు కదా, ఆ మూడు రోజుల్లోనే పూర్తి చేయాలని రాత్రంతా కూర్చుంటాడు.