చిన్న బ్యాటరీకి కాపలా: బ్లూటూత్ మానిటర్‌తో మూడేళ్లు

పెద్ద బ్యాటరీలో 80 శాతం చార్జ్ ఉంది, కారు మాత్రం తలుపు కూడా తీయలేదు. ఎలక్ట్రిక్ కారు కొన్న రెండో ఏడు ఒక పొద్దున జరిగిన సంగతి. రిమోట్‌లో దాగున్న తాళంచెవితో తలుపు తీస్తే లోపలంతా చీకటి. పెద్ద బ్యాటరీని కారుకు కలిపే కాంటాక్టర్లు పనిచేయాలన్నా 12 వోల్ట్ల చిన్న బ్యాటరీ కరెంటే కావాలి. పెట్రోలు కారైతే సెల్ఫ్ మూలిగి ముందే హెచ్చరిస్తుంది. ఇక్కడ ఆ మూలుగూ ఉండదు.

బ్యాటరీ మార్పించాను. నాలుగు నెలలకు కొత్తదీ అదే దారి పట్టింది. అప్పుడు కొన్నాను ఈ మానిటర్, చిన్న బ్యాటరీ వోల్టేజీని రాసుకుంటూ ఫోన్‌లోని యాప్‌లో గ్రాఫుగా చూపించేది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా, ప్లస్‌కో వైరు, మైనస్‌కో వైరు. మూడేళ్లుగా బానెట్ కిందే ఉంది, ఏమీ కాలేదు.

దీని విలువంతా గ్రాఫులోనే. మల్టీమీటర్ ఆ క్షణం సంగతే చెబుతుంది, అదీ కారు ఆపిన వెంటనే కొలిస్తే అంకె ఎక్కువ చూపి మోసం చేస్తుంది. కారు ఆన్ చేయగానే నా గ్రాఫు 14.2 వోల్ట్ల దగ్గర నిలబడింది. అంటే ఆల్టర్నేటర్ బదులు ఉండి, పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదాన్ని చార్జ్ చేసే డీసీ-డీసీ కన్వర్టర్ బాగానే ఉంది. (అప్పుడూ 12.5 దాటకపోతే కన్వర్టర్‌నో, దాని ఫ్యూజునో, ఎర్త్ వైరునో అనుమానించాలి. బ్యాటరీ నిండాక కొన్ని కార్లు కావాలనే 13 చిల్లరకి తగ్గిస్తాయి, దానికి టెన్షన్ పడక్కర్లేదు.) కారు ఆపాక 12.7 దగ్గర కుదురుకోవాల్సింది, తెల్లారేసరికి 12.1కి జారింది. చార్జ్ అవుతోంది, ఎవరో తాగేస్తున్నారు.

ఎవరన్నది ఈ డబ్బా చెప్పదు, కరెంటు కొలవదు కాబట్టి. వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటర్ తెచ్చాను. బానెట్ తెరిస్తే కారు మేలుకుంటుంది. అందుకని గొళ్లాన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి, బానెట్ మూసే ఉందని కారును నమ్మించి, రిమోట్ దూరంగా పెట్టి అరగంట ఆగాను. (మళ్లీ బానెట్ వేసేముందు ఆ గొళ్లెం విడిపించడం మరిచిపోకండి.) మీటరులో 2.5 ఆంపియర్లు! నిద్రపోయిన కారు లాగాల్సింది కొన్ని పదుల మిల్లీఆంపియర్లే. ఈ లెక్కన ఎనిమిది గంటల్లో 20 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు), అంటే నా 45 ఏహెచ్ బ్యాటరీలో దాదాపు సగం ఖాళీ. ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుదామనుకున్నా గానీ, ముందు స్టీరింగ్ కింద గుచ్చిన ఓబీడీ డోంగల్ (కారు కంప్యూటర్ల సమాచారం ఫోన్‌కి పంపే చిన్న ప్లగ్గు) తీసి చూశా. పది నిమిషాలకు అంకె సున్నా దగ్గరికి పడిపోయింది. బ్యాటరీ వివరాలు చూసుకోవడానికి నేనే పెట్టిన డోంగల్ అది. రాత్రంతా కారు కంప్యూటర్లను పలకరిస్తూ పడుకోనివ్వలేదు.

చిరాకులూ ఉన్నాయి. కారు పక్కన నిలబడితేనే బ్లూటూత్ అందుతుంది. యాప్‌లో కనిపించే 'బ్యాటరీ ఆరోగ్యం' శాతాన్ని నేను అస్సలు నమ్మను, అది వోల్టేజీ చూసి వేసే అంచనా. ముసలి బ్యాటరీ 12.6 చూపిస్తూనే లోడ్ పడగానే కూలిపోతుంది, దానికి లోడ్ టెస్ట్ చేయించాల్సిందే. ఇక నేను చెప్పిన అంకెలన్నీ లెడ్ యాసిడ్‌వి, చిన్న బ్యాటరీ కూడా లిథియమే అయిన కార్లకు పనికిరావు.

డోంగల్ ఇప్పుడు డాష్‌బోర్డు అరలో ఉంది. అవసరమైనప్పుడు గుచ్చి, పని కాగానే పీకేస్తున్నా.