75 శాతం ఆకుపచ్చ షేడ్ నెట్ కొనే ముందు

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ వేసవిలో షాపుకెళ్లి "నారుమడికి నెట్ కావాలి" అంటే ముందు బల్లమీదకి వచ్చేది 75 శాతం ఆకుపచ్చ రోల్. మూడు మీటర్ల వెడల్పు, యాభై మీటర్ల పొడవు, పట్టీలాంటి చదును దారంతో నేసిన టేప్ నేత. చవక, పైగా దట్టంగా కనిపిస్తుంది కాబట్టి కొన్నవాళ్ళకి తృప్తి. మిర్చి, వంగ, టమాటా నారుకీ, జీడిమామిడి అంట్లకీ మాత్రం అది తప్పు సరుకు. ఐదుకి రెండు మార్కులు. దాని పక్కనే మూలన పడుండే 50 శాతం నలుపు మోనో (గుండ్రటి దారం) నెట్‌కి నాలుగు. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించామో తర్వాత చెప్తాం.

రోల్ మీద 75 అని ఉంటే ఆపే వెలుతురు 75 పాళ్లని అర్థం, లోపలికి దిగేది పావు వంతే. శ్రీకాకుళం 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే మధ్యలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మబ్బులేని మధ్యాహ్నం ఫోన్‌లో వెలుతురు కొలిచే లక్స్ యాప్ పెడితే లక్షకి అటూ ఇటూ చూపిస్తుంది. ఎండ వెలుతురైతే ఆ అంకెని 54తో భాగించండి, మొక్క లెక్కలో (చదరపు మీటరు మీద సెకనుకి పడే వెలుతురు కణాలు) దాదాపు 1,850 మైక్రోమోల్స్. మిర్చి, టమాటా ఆకు వాడుకోగలిగేది సుమారు అందులో సగం. 50 శాతం నెట్ సరిగ్గా ఆ సగాన్నే దించుతుంది. 75 శాతం నెట్ కింద నారు మేలో ఎలాగో నెట్టుకొస్తుంది గానీ, శ్రావణంలో ముసురు పట్టి బయటే పాతిక వేల లక్స్ ఉన్న రోజున లోపల ఆరు వేలే. నారు ఆకలితో ఉంటుంది, తడి ఆరదు, నారుకుళ్ళు వచ్చి కూర్చుంటుంది.

రంగు సంగతి ఇంకా ముఖ్యం. నల్లదారం అన్ని రంగుల వెలుతురునీ ఇంచుమించు సమానంగా తగ్గిస్తుంది. ఆకుపచ్చ దారం ఎరుపుని ఎక్కువగా మింగి, కంటికి ఆనని దూర ఎరుపుని వదిలేస్తుంది. ఆకులో వెలుతురుని పసిగట్టే ఫైటోక్రోమ్ అనే ప్రోటీన్ ఈ రెండింటి నిష్పత్తినే చూస్తుంది. ఎరుపు తగ్గిందంటే పక్క మొక్క కమ్మేసిందని దాని లెక్క. అప్పుడు పిఫ్ అనే ప్రోటీన్లు పోగుపడి ఆక్సిన్ అనే ఎదుగుదల హార్మోను తయారుచేసే జన్యువుల్ని లేపుతాయి, కాండం సాగుతుంది. చాలామంది "నారు బాగా ఎదిగింది" అని మురిసిపోయేది ఈ సాగుడు చూసే. సన్నగా, కణుపుల మధ్య ఎడంగా, వేలితో తడితే వాలిపోయే నారు అది. యూరియా తగ్గించినా పెంచినా ఆ రోగం కుదరదు.

అసలు నష్టం తెలిసేది నెట్ తీసిన రోజున. నీడ మొక్క ఒక్కసారి మండుటెండలో పడితే ముందు నిమిషాల్లో స్పందిస్తుంది: ఆకులో వయోలాజాంథిన్ అనే పసుపు రంగుపదార్థం జియాజాంథిన్‌గా మారి, ఎక్కువైన వెలుతురుని వేడిగా పారబోస్తుంది. దీనికి కొత్తగా ఏ జన్యువూ పనిచెయ్యక్కర్లేదు, ఉన్న సరుకుతోనే జరిగిపోతుంది. అది చాలకపోతే హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి హరితరేణువులో పుట్టి కేంద్రకానికి కబురు మోస్తాయి. అరబిడాప్సిస్ అనే చిన్న ప్రయోగ మొక్కలో గంటలోపే ఏపీఎక్స్2 అనే విరుగుడు ఎంజైము జన్యువు లేస్తుంది, ఎలిప్ జన్యువులు విడిపడిన క్లోరోఫిల్‌ని పట్టుకునే ప్రోటీన్లని చేయిస్తాయి. వెలుతురు పట్టే యాంటెన్నా జన్యువులు మాత్రం నెమ్మదిస్తాయి. హరితరేణువులో సొంతంగా ఉండే పీఎస్‌బీఏ జన్యువు నుంచి, కిరణజన్య సంయోగక్రియకి కీలకమైన డీ1 ప్రోటీన్ ఆగకుండా తయారవుతుంది. గట్టి ఎండలో పాతది పాడవుతూనే ఉంటుంది, కొత్తది బిగిస్తూ ఉండాలి. పాడయ్యే వేగం బిగించే వేగాన్ని దాటితే ఆకు వెల్లబారుతుంది.

ఈ వెల్లబారడాన్ని తెగులనుకుని మందు కొట్టేవాళ్ళున్నారు. గుర్తుపట్టడం తేలిక. పై ఆకు కింది ఆకు మీద కప్పుకుని ఉన్నచోట దాన్ని పక్కకి తప్పించండి. నీడ పడినంత మేర పై ఆకు అచ్చు దిగినట్టు పచ్చగా, అంచు గీత గీసినట్టు ఉంటుంది. దాని చుట్టూ కాగితంలా పాలిపోయి ఉంటుంది. మచ్చ అలా నీడ గీతకి కట్టుబడి ఉంటే అది ఎండదెబ్బ. తెగులు నీడా ఎండా చూడదు.

జీడిమామిడి లేతచిగురు ఎర్రగా, రాగిరంగులో ఉంటే దాన్నీ రోగం అనుకోకండి. హెచ్‌వై5 లాంటి నియంత్రక ప్రోటీన్లు ఆంథోసయనిన్ అనే ఎర్ర రంగు చేసే జన్యువుల్ని నడిపి లేత ఆకుకి వేయించే గొడుగు అది. ముదిరితే దానంతటదే పచ్చబడుతుంది. భాస్వరం లోపమైతే ఊదారంగు ముందు పాత ఆకుల్లో కనబడాలి.

జన్యువులు గంటల్లో లేస్తాయి గానీ ఆకు మందం గంటల్లో పెరగదు. నీడలో విచ్చిన ఆకు పల్చగానే ఉండిపోతుంది, ఎండాకుగా మారదు. కాబట్టి నాటేలోగా కనీసం రెండు కొత్త ఆకులు ఎక్కువ వెలుతురులో పుట్టాలి. ట్రే నారుకి చివరి పది రోజులు ఇలా పెట్టండి: మొదటి మూడు రోజులు ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత మాత్రమే నెట్ తీసి ఉంచాలి, తర్వాత మూడు రోజులు పదకొండు లోపు, మూడు తర్వాత, ఏడు, ఎనిమిది రోజుల్లో పన్నెండు నుంచి రెండు దాకా మాత్రం కప్పాలి, ఆఖరి రెండు రోజులు అసలు వద్దు. మధ్యలో మూడు రోజులు ముసురు పట్టి ఒక్కసారి ఎండ కాస్తే, ఆ మధ్యాహ్నం మళ్ళీ కప్పండి. అలవాటు తెచ్చిన జన్యువులు మబ్బులో మళ్ళీ వెనక్కి తగ్గుతాయి. గట్టిపడాలని నీళ్లు తగ్గించడం, నెట్ తీయడం ఒకే రోజు మొదలుపెట్టొద్దు. వేరు ఎండితే పత్రరంధ్రాలు మూసుకుంటాయి, ఆకులోకి కార్బన్ డయాక్సైడ్ రాదు, ఉన్న వెలుతురే మితిమీరిపోతుంది.

ఉద్దానంలో కొబ్బరి మట్టల పందిరి ఈ లెక్కన నెట్‌కేమీ తీసిపోదు. రోజులు గడిచేకొద్దీ ఆకులు ఎండి ముడుచుకుంటాయి, వెలుతురు కొంచెం కొంచెంగా పెరుగుతుంది. ఎవరూ గంటలు చూసుకోనక్కర్లేదు. చెదలు పడుతుంది, గాలికి మట్ట ట్రేల మీద పడుతుంది. అయినా పాతిక ట్రేలుండే ఇంటి మడికి ఇదే చాలు, నెట్ ఖర్చు దండగ.

కొనేటప్పుడు రెండు పరీక్షలు చెయ్యండి. మిట్టమధ్యాహ్నం ఒక పొర నెట్‌ని తలపైన ఎత్తి పట్టించి, కింద ఫోన్ పెట్టి చూడండి: బయట లక్ష, కింద 62 వేలు వస్తే అది 38 శాతం నెట్, 50 కాదు. రెండోది తూకం. చదరపు మీటరుకి 90 గ్రాములని చెప్పిన 3×50 రోల్ 13.5 కిలోలు తూగాలి. టేప్ నేత గాలికి చీలిపోతుంది, గుండ్రటి మోనో దారం నిలుస్తుంది.

నలుపుకి ఒక మార్కు తగ్గింది వేడి వల్ల. నల్లదారం ఎండని మింగి కాగుతుంది. మడికి మూడడుగుల ఎత్తున కడితే ఆ సెగ నారు మీదే. ఎనిమిది, తొమ్మిది అడుగులకి తగ్గకుండా కట్టి, పక్కలు తెరిచి ఉంచండి. దుమ్ము పేరుకుంటే నీడ చిక్కబడుతుంది, తొలకరికి ముందు ఒకసారి కడగండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఇటే తీరం దాటింది; అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వస్తే నెట్ విప్పి చుట్టెయ్యడం మేలు. వదిలేస్తే నెట్‌తోపాటు స్తంభాలూ లేస్తాయి.

ఇప్పటికే 75 శాతం రోల్ కొనేసినవాళ్ళు టిష్యూ కల్చర్ అరటి మొక్కలు సీసా నుంచి బయటికొచ్చిన మొదటి వారాలకి దాన్ని ఉంచుకోండి. అక్కడ అది సరైన సరుకే.