పట్టుకోనక్కరలేని ఐసు పట్టీ: ఇరవై రెండు నెలల వాడకం తరవాత

కుడి మోకాలు మార్పిడి ఆపరేషన్ జరిగి రెండేళ్లు కావస్తోంది. ఈ ఐసు పట్టీ ఇంటికి వచ్చి ఇరవై రెండు నెలలు. మా అమ్మాయి హైదరాబాదు నుంచి పంపింది, పదకొండు వందలట. నీలం జెల్ నింపిన సంచి, నడుమ మోకాలి చిప్పకు సరిపడా రంధ్రం, పైనా కిందా అంటుకునే పట్టీలు. ఇలాంటివన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి కనుక కంపెనీ పేరుతో పనిలేదు.

మొదటి ఆరు నెలలూ కనిపించినవారందరికీ దీన్ని పొగిడాను. కారణం ఒక్కటే, చేత్తో పట్టుకోనక్కరలేదు. అంతకుముందు ఐసు ముక్కలు తువాలులో చుట్టి మోకాలిపై అదిమి కూర్చునేదాన్ని. నీళ్లు కారి చీర తడిసేది, వేళ్లు కొంకర్లు పోయేవి. ఇదైతే చుట్టి అతికించుకుని, ఒళ్లో చేట పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీసుకోవచ్చు. కింది వాటాలో ఉండే మామ్మగారు మాత్రం మొదటినుంచీ ఒప్పుకోలేదు. "ఎముకకు చలవ ఎక్కిస్తావా తల్లీ, జిల్లేడాకులకు ఆముదం రాసి, వెచ్చచేసి కట్టుకో" అనేవారు. వాపు ఉన్నంతకాలం కాపడం వద్దని డాక్టరుగారు చెప్పారన్నా వినేవారు కాదు.

ఏడో నెలలో అల్పపీడనం పట్టి మూడు రోజులు ముసురు. రెండో రోజున ఎండ కాస్త మొహం చూపించిందని మా విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజారుకు నడిచి వెళ్లి, రెండు సంచులతో నడిచే వచ్చాను. తెల్లారేసరికి మోకాలు ఉబ్బి, చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. మధ్యాహ్నం పట్టీ తీశాను. దాని గుడ్డ తొడుగు ఉతికి ఆరేస్తే రెండు రోజులైనా చెమ్మ వదలలేదు. సముద్రం పక్కన కాపురం కదా, ముసురులో ఏ బట్టయినా అంతే. పది నిమిషాలకేం అవుతుందిలే అని తొడుగు లేకుండానే చర్మం మీద చుట్టుకున్నాను. బయట వాన, లోపల చల్లగాలి, టీవీలో చూసేసిన సీరియలే మళ్లీ. ఎప్పుడు కన్నంటుకుందో తెలియదు.

లేచి చూస్తే గంటా పది నిమిషాలు గడిచాయి. పట్టీ విప్పాను. మోకాలి లోపలి వైపు ఎర్రగా కంది చురుక్కుమంటోంది. బయటి వైపు ఏ బాధా లేదు, చర్మం మాత్రం మైనం పోసినట్టు తెల్లగా, గట్టిగా ఉంది. వేలితో నొక్కితే ఎవరి కాలినో నొక్కినట్టుంది. రాత్రికి అది ఎర్రబడి, మర్నాడు పొద్దుటికి రెండు బొబ్బలు తేలాయి. ఒకటి రూపాయి బిళ్లంత.

ఆపరేషన్ కోసం మోకాలి ముందు నిలువుగా కోసినప్పుడు బయటి వైపు చర్మానికి వెళ్లే సన్నటి నరాల కొసలు తెగుతాయి. అందుకే చాలామందికి అక్కడ అరచేతి మేర మొద్దుబారి ఉంటుంది. కొందరికి ఏడాదికి తగ్గుతుంది, కొందరికి అలాగే మిగిలిపోతుంది. ఫిజియోథెరపీ అబ్బాయి ఈ సంగతి మొదట్లోనే చెప్పాడు. అక్కడ దోమ కుట్టినా తెలియదులే అని నవ్వుకున్నానే తప్ప, చలి కూడా తెలియదన్న ఆలోచన రాలేదు. పైగా కరుగుతున్న ఐసు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఫ్రీజరులోంచి తీసిన జెల్ మెత్తగా వంగుతూనే అంతకంటే చల్లగా ఉంటుంది. మెత్తగా ఉంది కనుక సాధువనుకున్నాను.

అప్పుడు అర్థమైంది నా తువాలు మూట విలువ. చేత్తో పట్టుకున్నప్పుడు మోకాలికి తెలియని చలి చేతికి తెలిసేది. వేళ్లు కొంకర్లు పోగానే తీసి పక్కన పెట్టేదాన్ని. నేను విసుక్కున్న ఆ కొంకర్లే నాకు కాపలా. ఈ పట్టీ ఆ కాపలాను తీసేసింది.

డాక్టరుగారు తిట్టలేదు, అది ఇంకా భయపెట్టింది. లోపల లోహపు కీలు ఉన్నచోట పైచర్మం చెడితే సూక్ష్మక్రిములు కీలుదాకా పోయే ప్రమాదం ఉందని, బొబ్బలు చిదపవద్దని చెప్పి మందు రాశారు. పదహారు రోజులు కట్టు. అన్నాళ్లూ మోకాలు వంచే వ్యాయామాలు ఆగిపోయాయి. నూట పదిహేను డిగ్రీలదాకా వంగే కాలు వంద దగ్గర ఆగింది. పోయిన పదిహేనూ రాబట్టుకోవడానికి నెలకు పైనే పట్టింది. ఆటో ఎక్కేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

పట్టీని పారేయలేదు. ఇప్పటికీ వారంలో మూడు నాలుగు రోజులు వాడుతున్నాను. మా ఆయన పాత నేత పంచె రెండు మడతలు వేసి, దానిపై పెడతాను. ఫోనులో పదిహేను నిమిషాలకు అలారం. మధ్యలో ఒకసారి ఎత్తి చర్మం రంగు చూస్తాను. పడుకుని మాత్రం పెట్టుకోను. అంటుకునే పట్టీలు వాడటం దాదాపు మానేశాను, చేత్తోనే పట్టుకుంటున్నాను. ఎలాగూ పంచె పోగులు ఇరుక్కుని ఇప్పుడవి సరిగా అంటుకోవడమూ లేదు.

నొప్పి తగ్గిస్తుందా అంటే, నేను మొదట్లో చెప్పుకున్నంత కాదు. నడిచి వచ్చిన సాయంత్రం వాపు, వేడి లాగేస్తుంది, అది నిజం. పొద్దున్న కీలు పట్టేసినట్టుండటానికి, కుర్చీలోంచి లేస్తుంటే కలుక్కుమనడానికి దీనివల్ల ఒరిగిందేమీ లేదు. వాటిని కొంతైనా తగ్గించింది తొడ కండరానికి చేసే వ్యాయామం, అదే పడుకుని కాలు నిటారుగా ఎత్తి పట్టుకోవడం. పెద వాల్తేరు నుంచి లాసన్స్ బే వైపు వాలు దిగేటప్పుడు పుట్టే పోటు ఇంకా ఉంది. ఎక్కడం కన్నా దిగడమే నాకు కష్టం. ఎక్స్‌రే, రక్తపరీక్షలు చేయించారు, కీలు వదులు కాలేదు, లోపల చీము లేదు. పదిమందిలో ఒకరిద్దరికి ఇలా నొప్పి మిగిలిపోతుందట. జ్వరం వచ్చినా, పిక్క వాచి నొప్పి పుట్టినా ఐసుతో కాలక్షేపం చేయకుండా వెంటనే రమ్మన్నారు.

కొనాలా వద్దా అని ఎవరైనా అడిగితే ముందు వారి మోకాలి బయటి వైపు వేలితో గీరి చూసుకోమంటాను. స్పర్శ బాగా ఉంటే, పక్కన గుర్తుచేసే మనిషి ఉంటే కొనుక్కోవచ్చు. నాకు మధ్యాహ్నం కునుకు అలవాటు, ఆ వేళకు ఇంట్లో ఒంటరిగా ఉంటాను. షుగరు ఉండి పాదాలు తిమ్మిరెక్కేవారి సంగతి వారి డాక్టరునే అడగాలి.

ఎడమ మోకాలు కూడా అరిగిందంటున్నారు. దానికీ ఆపరేషన్ తప్పకపోతే జెల్ సంచి ఇదే సరిపోతుంది, ఒక మూల కుట్టు వదిలింది కానీ ఇంకా కారడం లేదు. పట్టీలు మాత్రం ముందే కత్తిరించేస్తాను.