గుమ్మాల పాత రంగు తీయడానికి హీట్ గన్నా, రిమూవరా?

విజయనగరం మండువా ఇళ్లలోనూ, కళింగపట్నం వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలోనూ గుమ్మాల రంగు పెచ్చులు లేస్తుంటుంది. దానిమీదే కొత్త రంగు వేస్తే రెండూ కలిసి ఊడతాయి.

వెడల్పాటి సాదా చట్రాలకైతే నా ఓటు వేడిగాలి ఊదే హీట్ గన్‌కే. రంగు ఉబ్బగానే స్క్రాపర్‌తో గీకితే పొరలన్నీ ఒకేసారి వస్తాయి. ఒకేచోట ఆపితే చెక్క మాడుతుంది, అద్దం దగ్గర పెడితే పగులుతుంది.

చెక్కిన పూలు, లతలు ఉన్న ద్వారబంధాలకు రిమూవరే (పాత రంగును మెత్తబరిచే రసాయనం) మేలు. బ్రష్‌తో పూసి, డబ్బా మీద రాసినంతసేపు ఆగి గీకాలి, తర్వాత థిన్నర్‌తో తుడవాలి. ఖర్చెక్కువ, ఘాటెక్కువ. తలుపులు, కిటికీలు తీసి, గ్లవ్స్ వేసుకునే చేయాలి. డైక్లోరోమీథేన్ ఉన్న డబ్బా దయచేసి కొనకండి, మూసిన గదిలో దాని ఆవిరి ప్రాణం తీస్తుంది.

అసలు టెన్షన్ పాత రంగుల్లోని సీసం అనే విష లోహం గురించి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో అది ఉండొచ్చు. గన్ వేడి మరీ పెంచితే సీసం పొగ, పొడిగా రుద్దితే సీసం దుమ్ము. అందుకే ఏ పద్ధతైనా చివర్లో వాటర్ పేపర్‌తో (తడిపి వాడే గరుకు కాగితం) తడిపి రుద్దండి. పిల్లల్ని, గర్భిణులను ఆ పక్కకు రానివ్వకండి.

రోజూ కడిగి పసుపు రాసే గడపను మాత్రం బాగా ఆరనివ్వాలి. తడి చెక్క మీద ప్రైమర్ పట్టదు. ప్రైమర్ ఆరాకే గుంతల్లో లప్పం పెట్టాలి.