రామోజీ, వండర్‌లా: పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు తిండి ప్లాన్

పిల్లలతో మొదటిసారి థీమ్ పార్కుకు వెళ్లేవాళ్లు టికెట్లు, రైడ్లు, హోటల్ గురించి ఎంతో వెతుకుతారు. తిండి దగ్గరికొచ్చేసరికి "అక్కడేదో ఒకటి దొరుకుతుందిలే" అని వదిలేస్తారు. దొరకడం నిజమే. అది దొరికే టైముకు మనం ఎక్కడ ఉంటాం, నాలుగేళ్ల పిల్లాడు దాన్ని తింటాడా, షుగర్ ఉన్న పెద్దావిడ అప్పటిదాకా ఆగగలరా, ఇవన్నీ ముందే ఆలోచించుకోవాలి. హైదరాబాద్‌లో రామోజీ ఫిల్మ్ సిటీ, వండర్‌లా రెండూ తిరిగొచ్చాక నాకు గట్టిగా అనిపించింది ఒక్కటే. ఈ రెండింటికీ ఒకే ప్లాన్ పనికిరాదు. ఫిల్మ్ సిటీలో బస్సు ఎప్పుడు ఎక్కుతాం, ఎప్పుడు దిగుతాం అన్నదాన్ని బట్టి తినాలి. వండర్‌లాలో ఎప్పుడు నీళ్లలోకి దిగుతాం అన్నదాన్ని బట్టి తినాలి.

మేం ఖమ్మం నుంచి కారులో వెళ్లాం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, మా అత్తయ్య. అత్తయ్యకు షుగర్ మాత్ర టైముకు పడాలి, దాని వెంటే తిండీ పడాలి. బాబు కారం ముట్టడు. పాపకు బిర్యానీ ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. ఇలాంటి ఇల్లు మీదీ అయితే కింద రాసింది పనికొస్తుంది.

ముందు బస సంగతి. సూర్యాపేట మీదుగా విజయవాడ హైవేలో వచ్చేవాళ్లకు ఊరి కంటే ముందే ఫిల్మ్ సిటీ తగులుతుంది. సిటీ నడిబొడ్డు నుంచి అది 30 కిలోమీటర్ల పైమాటే. అందుకని గచ్చిబౌలి, మాదాపూర్ వైపు గది తీసుకుంటే పొద్దున్నే ఊరంతా దాటుకుని మళ్లీ ఇటే రావాలి, పిల్లల టిఫిన్ ట్రాఫిక్‌లోనే అయిపోతుంది. మేం ఎల్.బి.నగర్ వైపు చూశాం. ముందు ఒక హోటల్ అనుకున్నాం. పొద్దున ఏడున్నరకే టిఫిన్ అని ఫోన్లో చెప్పారు. తీరా దిగాక, ఎనిమిదిన్నర దాకా వంటగది తెరవం అన్నారు. అత్తయ్యను ఖాళీ కడుపుతో అంతసేపు కూర్చోబెట్టలేం. మర్నాడే చిన్న వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్‌కు మారిపోయాం. ఒక ఇండక్షన్ స్టవ్, చిన్న ఫ్రిజ్, నాలుగు గిన్నెలు. అంతకు మించి అక్కడ ఏ సౌకర్యమూ లేదు, కానీ ఆ స్టవ్ వల్లే మిగతా ప్రయాణమంతా హాయిగా సాగింది. ఉప్మా రవ్వ, పోపు సామాను, చింతపండు పులుసు ఇంటి నుంచి తెచ్చుకున్నాం. పాలు, పెరుగు కింద కిరాణా కొట్లో దొరికాయి.

ఫిల్మ్ సిటీ లోపలే సితార, తార, శాంతినికేతన్ లాంటి హోటళ్లున్నాయి. సితార ఖరీదైనది, తార మధ్యస్తం, శాంతినికేతన్ ఇంకాస్త అందుబాటులో ఉంటుంది. చంటిపిల్లలున్నవాళ్లకు, నడవలేని పెద్దలున్నవాళ్లకు లోపల ఉండటమే మేలని నా అభిప్రాయం. సాయంత్రం పార్కు నుంచి నేరుగా గదికి చేరి, వేడిగా తిని పడుకోవచ్చు. ఇంటి తిండి కావాలనుకునే మాలాంటివాళ్లకు మాత్రం బయటి వంటగదే నయం. ఏది ఎంచుకున్నా బుక్ చేసేటప్పుడు గది అద్దె ఎంత అని అడిగినట్టే టిఫిన్ ఎన్నింటికి మొదలవుతుంది, ప్యాకేజీలో ఏ పూట భోజనం కలిసి ఉంది అని కూడా అడగండి. జవాబును మెసేజ్‌లో రాయించుకోండి.

ఫిల్మ్ సిటీ 1996లో మొదలైంది. ప్రపంచంలో అతి పెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా గిన్నిస్ బుక్కులో ఉంది. ఆ పెద్దరికమే తిండి దగ్గర చిక్కు తెస్తుంది. కారు గేటు దగ్గర పార్కింగులో ఉండిపోతుంది. అక్కడి నుంచి వాళ్ల బస్సు ఎక్కి చాలా దూరం లోపలికి, యురేకా అనే చోటికి వెళ్లాలి. అంటే మధ్యాహ్నం కారు దగ్గరికొచ్చి డబ్బా తిందామన్న ఆలోచన సాగదు. బయటి తిండి లోపలికి ఒప్పుకోరు. కారులో వదిలేసిన అన్నం సాయంత్రం తిందామనుకోవడమూ మంచిది కాదు. వండిన అన్నం వేడిలో గంటల తరబడి ఉంటే అందులో బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. అది వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. పులిహోరలో చింతపండు పులుపు ఉంటుంది కాబట్టి కాస్త ఆగుతుందేమో గానీ, ఎండాకాలం మూసిన కారులో దాన్నీ నేను నమ్మను.

అందుకే పొద్దున ఆరింటికే ఉప్మా, పెరుగన్నం చేసేశాం. పెరుగన్నంలో పాలు ఎక్కువ పోసి, పెరుగు చెంచాడే కలిపాను. తినే వేళకు అది పుల్లబడదు. గేటుకు చేరేముందు కారులోనే అందరం కడుపు నిండా తిన్నాం. అత్తయ్య మాత్ర కూడా అక్కడే పడింది. బాబు బిస్కెట్లు, అత్తయ్య మందులు, గ్లూకోజు పొడి ఒక చిన్న సంచిలో విడిగా పెట్టి తనిఖీ దగ్గర తెరిచి చూపించి, ఎవరి కోసమో చెప్పాం. సిబ్బంది మర్యాదగా చూసి పంపించారు.

యురేకాలో టూర్ బస్సు ఎక్కేముందు గైడ్‌ను ఒక్క మాట అడగండి: "బాబూ, మళ్లీ ఇక్కడికి ఎన్నింటికి తీసుకొస్తారు?" ఆ టూర్‌లో సెట్లు, తోటలు చూపిస్తూ దింపుతూ ఎక్కిస్తూ పోతారు, మధ్యలో కూర్చుని తినే వీలు తక్కువ. ఒంటిగంట దాటుతుందని మా గైడ్ చెప్పాడు. అది విని అత్తయ్యకు అక్కడే ఇడ్లీ తినిపించి బస్సెక్కించాం. ఆ జవాబు తెలియకపోతే బాహుబలి సెట్ దగ్గర నిలబడి ఆవిడకు చెమటలు పట్టేవి. షుగర్ 70 కన్నా తక్కువకు పడిపోతే 15 గ్రాముల గ్లూకోజు, అంటే సుమారు మూడు చెంచాల పంచదార, వెంటనే ఇచ్చి 15 నిమిషాలాగి మళ్లీ చూడాలని డాక్టర్లు చెబుతారు. ఆ సంచి రోజంతా నా భుజానే ఉంది. పెద్దవాళ్లను తీసుకెళ్లే ప్రతి ఒక్కరూ ఈ సంచి మోయాలి. బస్సులోనో గదిలోనో వదలకూడదు.

తిరిగొచ్చేసరికి బస్సులన్నీ ఒకేసారి జనాన్ని దింపుతాయి, రెస్టారెంట్ల ముందు వరసలు కడతారు. అక్కడ మేం చేసిన పని ఏ కుటుంబానికైనా చెబుతాను. అందరం ఒకే బల్ల దగ్గర కూర్చోవాలన్న పట్టుదల మానేశాం. శాకాహారానికి చాణక్య ఉంది. అత్తయ్య, బాబు, నేను అక్కడ కూర్చున్నాం. పప్పు, అన్నం, పెరుగు దొరికితే మా బాబుకు అదే పండగ. పాప, మా ఆయన ఆలంపనాకు వెళ్లారు. అది మొగలాయి, హైదరాబాదీ వంటల చోటు. ఎవరి రుచి వాళ్లకు దక్కింది, ఎవరూ మొహం మాడ్చుకోలేదు. ఫాస్ట్‌ఫుడ్ కావాలంటే గన్‌స్మోక్ ఉంది, కౌబాయ్ సినిమా సెట్ లాంటి అలంకరణ. పెద్ద పిల్లలకు అది నచ్చుతుంది, కూర్చుని తినే భోజనానికి మాత్రం సరిపోదు. కొన్ని టికెట్ ప్యాకేజీల్లో బఫే భోజనం కలిసే ఉంటుంది. మా పాపలా బిర్యానీ ఒక్కటే తినే పిల్లకు, అరగిన్నె పెరుగన్నం తినే పిల్లాడికి అది గిట్టుబాటు కాదు. కడుపునిండా తినే పెద్దలు నలుగురైదుగురు ఉంటే తప్పకుండా తీసుకోవచ్చు, వరసలో నిలబడి ఆర్డర్ ఇచ్చే బాధ తప్పుతుంది.

భోజనం తర్వాత పిల్లలకు ఫండుస్తాన్ అనే ఆటల చోటు, పెద్దలకు నీడన కూర్చునే షోలు. ఆ క్రమం బాగా కుదిరింది. చీకటి పడేదాకా ఉండాలనుకుంటే నాలుగున్నరకే టీ, తినడానికి ఏదైనా కానివ్వండి. అక్కడి నుంచి గదికి చేరేసరికి చాలా ఆలస్యమవుతుంది, నాలుగేళ్లవాడు రాత్రి భోజనానికి మెలకువగా ఉండడు. మేం ఆరున్నరకే లోపలే అందరికీ తినిపించి బయల్దేరాం.

రెండు పార్కుల మధ్య ఒక రోజు ఖాళీగా ఉంచుకోవడం మంచిది, బిర్యానీ ముచ్చట ఆ రోజు తీర్చుకోవచ్చు. చార్మినార్ పక్కనే నిమ్రాలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ తీసుకున్నాం. సాలార్‌జంగ్ మ్యూజియం చూడాలనుకుంటే శుక్రవారం సెలవని గుర్తుంచుకోండి. కారం, నూనె ఉన్న భోజనం ఏదైనా ఈ ఖాళీ రోజు పగలే తినాలి, పార్కుకు వెళ్లే ముందు రోజు రాత్రి మాత్రం వద్దు.

ఇక వండర్‌లా. ఔటర్ రింగ్ రోడ్డు మీద రావిర్యాల ఎగ్జిట్ దగ్గర 2016లో తెరిచారు. కొచ్చి, బెంగళూరు తర్వాత వాళ్ల మూడో పార్కు. మేం పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి బొంగుళూరు దాటి రావిర్యాలలో దిగాం. ఔటర్ మీద టిఫిన్ బండ్లు ఉండవు, కాబట్టి ఎక్కేముందే తినేయాలి. ఇక్కడ కడుపు నిండా తినొద్దు. రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు. రీకాయిల్ లాంటి రైడ్లు తలకిందులు చేసి, వెనక్కి కూడా తిప్పుతాయి. పూరీ తిని ఎక్కిన పెద్దాయన ఒకరు దిగి పక్కన కూర్చుండిపోవడం చూశాను.

పొద్దున ఒళ్లు తడవని రైడ్లు, పన్నెండు కొట్టగానే భోజనం, తర్వాత కాసేపు నెమ్మది రైడ్లు, ఆ తర్వాతే నీళ్లు. ఈ వరస వెనక కారణం ఉంది. ఒకసారి తడిశాక ఏసీ రెస్టారెంట్లో కూర్చుంటే పిల్లలు వణుకుతారు. పైగా ఫోను, పర్సు లాకర్లో ఉంటాయి, తిండి కోసం మళ్లీ అక్కడిదాకా నడవాలి. నీళ్లలోకి నూలు బట్టలు ఒప్పుకోరు, నైలాన్, పాలిస్టర్ రకాలే వేసుకోవాలి. ఒకసారి బట్టలు మార్చి, తిండికి మళ్లీ మార్చి, మళ్లీ దిగాలంటే ఒక గంట దండగ. తడవకముందే తినేస్తే ఇదేమీ ఉండదు. పన్నెండింటికి బల్లలు ఖాళీగా కూడా ఉంటాయి. నీళ్ల దగ్గరికి ప్లాస్టిక్ కవరులో కొంచెం డబ్బు పెట్టుకుని వెళ్లాం. నాలుగింటికి అలల కొలను నుంచి బయటికొచ్చిన పిల్లలకు వేసే ఆకలి మామూలుది కాదు, అప్పుడు లాకర్ దాకా ఆగమంటే ఆగరు. మొక్కజొన్న గింజలు, వేడి పాలు ఇప్పించాం.

ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకునేటప్పుడు భోజనం కాంబో కూడా కొనుక్కోవచ్చు. ముందు మెనూ చూడండి. చిన్నపిల్లలు తినేవి లేకపోతే ఆ కాంబో పెద్దలకే తీసుకోండి. ఇక్కడ పిల్లల టికెట్టును ఎత్తును బట్టి లెక్కేస్తారు. 85 సెంటీమీటర్ల లోపు వాళ్లకు టికెట్ ఉండదు. మావాడు ఆ గీత ఎప్పుడో దాటేశాడు.

దాహం సంగతి కొంచెం గట్టిగా చెప్పాలి. నీళ్లలో ఆడే పిల్లలు దాహమని చెప్పరు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మేం మందుల షాపులో కొన్న ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు పట్టుకెళ్లి, ప్యాకెట్ మీద రాసినట్టు లీటరు నీళ్లలో ఒక్కటి కలిపి గుటక గుటకగా తాగించాం. సగం నీళ్లలో మొత్తం ప్యాకెట్ కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లలకు హాని చేస్తుంది. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకున్న తీపి పానీయాల మీద హైదరాబాద్‌కే చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాకు తగ్గట్టు లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. ఆవిడ పట్టుదలకు ప్రతి తల్లీ రుణపడి ఉండాలి. పార్కులో దాహానికి పిల్లలు తీపి డబ్బా చూపిస్తే, ముందు నీళ్లు, తర్వాతే అది.

ఖర్చు, శ్రమ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, తిండి విషయంలో పెద్దవాళ్లున్న కుటుంబానికి ఫిల్మ్ సిటీ సులువు. కూర్చునే చోట్లు ఎక్కువ, శాకాహార భోజనం వేరే చోట దొరుకుతుంది, బస్సు టైము తెలుసుకుంటే చాలు. వండర్‌లా పదేళ్ల పైబడిన పిల్లలదీ, కుర్రకారుదీ. మా అత్తయ్య అక్కడ రైడ్లు ఎక్కలేదు, ఎక్కువసేపు నీడలో కూర్చుని మా సంచులకు కాపలా ఉన్నారు. ఆవిడ కోసం మేం రెండు గంటలకోసారి వంతులేసుకుని వెళ్లి కూర్చున్నాం. అలా వంతులు వేసుకోవడం కుదరదనుకుంటే పెద్దావిడను ఆ రోజు గదిలోనే ఉంచి, ఫ్రిజ్‌లో అన్నం, కూర పెట్టి, మందుల టైముకు ఫోన్ చేయడం మేలు.

తిరుగు ప్రయాణంలో మేం ఐదింటికే వండర్‌లా నుంచి బయటపడ్డాం. మళ్లీ ఔటర్ మీదుగా పెద్ద అంబర్‌పేటలో దిగి హైవే పట్టుకున్నాం. ఐస్ బాక్సులో పెట్టి కారులో ఉంచిన పెరుగు ప్యాకెట్లు, అప్పుడే కొన్న వేడి ఇడ్లీలు పిల్లలకు చౌటుప్పల్ లోపే తినిపించేశాం. పెద్దలం సూర్యాపేటలో ఆగి భోంచేశాం. ఐస్ ముక్కలు వేసుకునే ఆ డబ్బా ఒకటి కొనుక్కుంటే పార్కు లోపలికి పనికిరాకపోయినా, రానుపోను దారిలో బాగా ఉపయోగపడుతుంది.