పోయినవాళ్ల ఫోటో పెద్దది చేయిస్తున్నారా? అసలు ఫోటోని షాపులో వదిలి రాకండి

విశాఖలో ఉన్నవాళ్లకి, ముఖ్యంగా ఈమధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకి ఈ మాట చేరాలని రాస్తున్నాను. పెద్దకర్మకి ఫోటో కట్టించడం చాలా చిన్న పని అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఆ చిన్న పనిలో మా అమ్మది మిగిలిన ఒకే ఒక్క ఫోటో పాడైపోయింది. ఇంకెవరింట్లోనూ ఇలా జరగకూడదు.

మా నాన్న షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. మొన్నామధ్య పోయారు. అమ్మ 2009లోనే వెళ్లిపోయింది. నాన్న ఒకటే మాట చెప్తుండేవారు: "నా ఫోటో వేరేగా పెట్టకండి, మీ అమ్మ పక్కనే పెట్టండి." ఆ మాట ప్రకారం పదకొండో రోజుకి ఇద్దరినీ ఒకే ఫ్రేములో పెట్టిద్దామని అన్నయ్య, నేను అనుకున్నాం. నాన్న ఫోటోలకి లోటు లేదు, ఫోన్లలో కావలసినన్ని ఉన్నాయి. అమ్మదే ఇబ్బంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మల్కాపురంలో మా ఇంటి పైకప్పు రేకులు ఎగిరిపోయాయి. ఆ రోజు ఊళ్లో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. బీరువా కింది అరలో ఉన్న ఆల్బమ్‌లు నీళ్లలో నాని, ఫోటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఇటుకల్లా అయిపోయాయి. విడదీద్దామని చూస్తే ముఖాలన్నీ ఊడిపోయాయి. అన్నయ్య నామకరణం, మా చదువులు, అమ్మ అరవై ఏళ్ల పుట్టినరోజు, ఏదీ మిగల్లేదు. గోడకి ఉన్న ఒక్క ఫ్రేము మాత్రం బతికింది. అది 1986లో స్టూడియోలో తీయించుకున్న కలర్ ఫోటో. ఆ స్టూడియో ఎప్పుడో మూసేశారు కాబట్టి నెగెటివ్ అడుగుదామన్నా మనిషి లేడు.

ఆ ఫోటోలో అమ్మ పళ్లు కనపడేలా నవ్వుతుంది. మామూలుగా అలా నవ్వేది కాదు. చిన్నప్పుడు బావి గట్టు మీద పడి ముందు పన్ను కొస విరిగింది, అది కనపడకూడదని నోరు మూసుకునే నవ్వేది. ఆ రోజు స్టూడియో అతను ఏం అన్నాడో తెలీదు, విరిగిన పన్నుతో సహా నవ్వేసింది. కుడి ముక్కుకి ముక్కుపుడక, గడ్డం మీద పుట్టుమచ్చ. కాలం గడిచి ఫోటో ఎర్రబడింది. అప్పటి కలర్ ఫోటోల్లో నీలం వైపు రంగు ముందు వెలిసిపోతే అలా అవుతుందట. హుద్‌హుద్‌లో తేమ పట్టి కింది మూల అద్దానికి అంటుకుపోయింది కూడా. అయినా అమ్మ అమ్మలాగే ఉండేది.

షాపు పేరు ఇక్కడ రాయను. ఊళ్లో చాలా షాపుల్లో పని ఇదే తీరులో నడుస్తోంది, కాబట్టి ఎక్కడికి వెళ్లినా జాగ్రత్త పడాలి. మొత్తం 3,500 అన్నారు, 2,000 అడ్వాన్సు తీసుకున్నారు. ఒక మూల అంటుకుని ఉందని నేనే చూపించాను. "గ్లాసు తీసి స్కాన్ చేస్తేనే క్లారిటీ వస్తుందమ్మా, అదంతా మేం చూసుకుంటాం, టెన్షన్ పడకండి" అన్నారు. రసీదు మీద "ఫోటో 1, ఫ్రేము 16x20" అని రాసిచ్చారు. అంతే. ఆ ఒక్క ఫోటోకి ఇంకో కాపీ లేదన్న మాట ఆ కాగితం మీద ఎక్కడా లేదు. రాయించాలన్న ఆలోచన నాకూ రాలేదు. ఆ పది రోజుల్లో మన బుర్ర మన దగ్గర ఉండదు. వచ్చేపోయే జనం, వంటవాళ్లు, సామాన్ల చీటీలు, మధ్యమధ్యలో ఏడుపు. ఎవరు నమ్మకంగా మాట్లాడితే వాళ్ల చేతిలో పెట్టేస్తాం.

తొమ్మిదో రోజు సాయంత్రం కుర్రాడు ఫ్రేము తెచ్చాడు. కాగితం చుట్టి, దారం కట్టి ఉంది. అన్నయ్య విప్పి చూడకుండానే మిగతా 1,500 ఇచ్చి పంపేశాడు. రాత్రి అందరం కూర్చుని విప్పాం.

ముందు మాట్లాడింది పిన్ని. అమ్మ కంటే నాలుగేళ్లు చిన్న, అమ్మ చేతుల మీద పెరిగిన మనిషి. దగ్గరకి వచ్చి చూసి, "ఇదేటమ్మా, మా అప్ప కాదు గదా ఇది" అంది. అప్పటిదాకా నాకూ ఏదో తేడాగా అనిపిస్తోంది గానీ పెద్దది చేస్తే అలాగే ఉంటుందేమోనని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. పిన్ని అన్నాక ఒక్కొక్కటీ కనపడ్డాయి. చర్మం గాజులా నున్నగా ఉంది. పళ్లు వరసగా, తెల్లగా ఉన్నాయి. విరిగిన పన్ను లేదు. గడ్డం మీద మచ్చ లేదు. ముక్కుపుడక ఎడమవైపుకి వచ్చింది. పైట చూడండమ్మా అని వదిన అంటే చూశాం, పైట కుడి భుజం మీద ఉంది! ఇద్దరూ ఒకరివైపు ఒకరు తిరిగి ఉంటే బాగుంటుందని అమ్మ బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పేశారు. మా ఇంటి ఆడవాళ్లెవరూ పైట అటు వేసుకోరు.

మర్నాడు పొద్దున్నే షాపుకి పరిగెత్తాం. అసలు ఫోటో అడిగితే ఒక కవరులో పెట్టి ఇచ్చారు. కింది మూల నుంచి గడ్డం దాకా తెల్ల కాగితం. అద్దం నుంచి లాగేటప్పుడు బొమ్మ ఉన్న పొర అద్దానికే ఉండిపోయింది. "ఆ అద్దం ఏదండీ?" అన్నాను. "పాతది కదమ్మా, పగిలింది, పడేశాం" అన్నాడు.

అమ్మ భుజం, గడ్డం, ఆ పుట్టుమచ్చ అన్నీ ఆ అద్దం మీదే ఉన్నాయి. చెత్తలో పోయాయి.

ఎందుకిలా అవుతుందో తర్వాత తెలుసుకున్నాను. ఫోటో కాగితం మీద బొమ్మ ఉండే పొరలో జెలటిన్ ఉంటుంది. తేమ తగిలితే అది మెత్తబడి అద్దానికి అంటుకుంటుంది, ఆరాక జిగురు పెట్టినట్టు పట్టేస్తుంది. సముద్రం పక్కన ఉండే ఊరు మనది, గాల్లో తేమకి కొదవలేదు. పాత ఫ్రేముల్లో చాలావాటికి ఈ జబ్బు ఉంటుంది. ఒకసారి అంటుకున్నాక లాగకూడదు. అద్దంతో సహా అలాగే ఉంచి, అద్దం పైనుంచే స్కాన్ చేయాలి, లేదా వెలుతురు మెరుపు పడకుండా మంచి కెమెరాతో ఫోటో తీయాలి. మా ఫోటోకి కూడా అలా చేసి ఉంటే సరిపోయేది.

ఇక ముఖం మారిపోవడం సంగతి. ఇప్పుడు పాత ఫోటో బాగుచేయడమంటే కొన్నిచోట్ల మనిషి కూర్చుని గీతలు, మరకలు దిద్దడం కాదు, ఏఐ సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చి బటన్ నొక్కడం. షాపతను కూడా దాచలేదు, "అందరూ ఇలాగే చేయించుకుంటున్నారమ్మా" అన్నాడు. మా మేనల్లుడు ఆ రంగంలోనే ఉన్నాడు, వాడు వివరంగా చెప్పాడు. ఆ సాఫ్ట్‌వేర్‌కి వేల ముఖాలు చూపించి నేర్పుతారు. అలా నేర్పడానికి బాగా వాడే ఒక సేకరణలో 70,000 ముఖాలున్నాయి, అన్నీ ఇంటర్‌నెట్‌లో ఫ్లికర్ అనే చోట జనం పెట్టుకున్న ఫోటోల నుంచి తీసినవి. మన ఫోటోలో మసకగానో చిరిగిపోయో ఉన్న చోట ముఖం ఎలా ఉండొచ్చో అది ఊహించి నింపుతుంది. చూడ్డానికి చక్కగా ఉంటుంది. కానీ అమ్మ గడ్డం ఎలా ఉంటుందో దానికేం తెలుసు? పెద్దకర్మ నాడు దండ వేసి దణ్ణం పెట్టాల్సిన ముఖం అది. అందులో సగం ఎవరిదో.

అందుకే చెప్తున్నాను, అసలు ఫోటో చేతిలోంచి వదలకండి. ఫ్లాట్‌బెడ్ స్కానర్ (అద్దం పలక మీద పెట్టి స్కాన్ చేసేది) ఉన్నచోటికి మీరే తీసుకెళ్లి, మీ కళ్ల ముందే కనీసం 600 డీపీఐలో (అంటే అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించుకుని, ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి. ఫోటో ఇంటికి తెచ్చేసుకోండి. ఏ షాపుకైనా ఇవ్వాల్సింది ఆ ఫైలే. వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ముఖం జోలికి వెళ్లొద్దు, మచ్చలు తీయొద్దు, ఎడమ కుడి తిప్పొద్దు అని నోటితో చెప్పడమే కాదు, రసీదు మీద రాయించండి. ప్రింటు వేసేముందు పెద్ద స్క్రీన్ మీద చూపించమనండి, ఆ చూడ్డానికి మీరొక్కరే వెళ్లకండి. పోయినవాళ్ల తోబుట్టువుని ఎవరినైనా తీసుకెళ్లండి. పిల్లలం మనకి అమ్మానాన్నల ముఖం ఎంత తెలుసనుకున్నా, కలిసి పెరిగినవాళ్ల చూపు వేరు.

డబ్బు సంగతి కూడా చెప్తాను. షాపులో మొదట తిరిగివ్వం అన్నారు. కర్మలన్నీ అయ్యాక 1915కి ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. రసీదు, పాత ఫోటో, వాళ్లిచ్చిన ఫోటో అన్నీ పంపాను. కొన్నాళ్లకి షాపువాళ్లే ఫోన్ చేసి 3,500 తిరిగిచ్చారు. అలా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. అక్కడ ఫిర్యాదు రెండేళ్లలోపు వేయాలి, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు. బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పే, అందుకని చేతిరాత చీటీ అయినా సరే అడిగి తీసుకోండి. మా చేతిలో ఆ రసీదు ముక్క ఉండబట్టే మా మాట నిలబడింది.

ఇప్పటికే ఎవరి ఫోటో అయినా ఇలా చిరిగి ఉంటే సెల్లోటేపు మాత్రం అంటించకండి. కొన్నాళ్లకి ఆ జిగురు పసుపు మరకలా దిగిపోతుంది. ముక్కలన్నీ ఒక కాగితం కవరులో పెట్టండి. అద్దం ఎవరు విప్పినా ఆ అద్దం వెనక్కి అడగండి. దాని మీద ఏముందో వాళ్లకి పట్టదు.

పదో రోజు నేను ఏడుస్తుంటే కర్మ చేయించే శాస్త్రిగారు పిలిచి, "ఫోటో లేకపోతే కర్మ ఆగదమ్మా, పేరూ గోత్రం ఉంటే చాలు" అన్నారు. ఆ మాట మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఇంత కంగారు పడేవాళ్లం కాదు. ఇప్పుడు ఆ కంగారులో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, పదకొండో రోజుకి మామూలు ప్రింటు ఒకటి చాలు. అసలు పని నెలమాసికానికో, సంవత్సరీకానికో నెమ్మదిగా చేయించుకోవచ్చు.

ఫోటో షాపుకి తీసుకెళ్లే రోజు మేనల్లుడు ఎందుకో ఫ్రేముని ఫోన్‌తో ఒక ఫోటో తీశాడు. అద్దం మీద ట్యూబ్‌లైటు మెరుపు అమ్మ నుదుటి మీదుగా చారలా పడింది. అది ఉందని వాడు పదో రోజు రాత్రి చెప్పాడు. ఆ రాత్రే దాన్ని చిన్న సైజులో ప్రింటు తీయించాం, చార తీయించలేదు. పెద్దకర్మ నాడు నాన్న ఫోటో పక్కన అదే పెట్టి దండ వేశాం. పిన్ని వచ్చి, కొంగుతో ఒకసారి తుడిచి, గడ్డం మీద మచ్చ ఉన్నచోట వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చుంది.