సీసాకు కూడా బస చూడాలి: భీమిలి నుంచి అనంతగిరి దాకా రెండు బరోలోలు

2024 డిసెంబరు రెండవ వారంలో హైదరాబాదు నుంచి మా తమ్ముడు, మరదలు విశాఖపట్నం వచ్చారు. వారితో కలిసి బీచ్ రోడ్డులోను, భీమిలిలోను, అనంతగిరిలోను గడిపిన అయిదు రోజుల సంగతులు ఇవి. ఈ ప్రయాణానికి నిమిత్తం మా ఇంట్లో ఏడేళ్లుగా ఉన్న రెండు సీసాల రెడ్ వైన్. అందువల్ల బసలను గురించి చెప్పేటప్పుడు పడక, స్నానాల గది, అల్పాహారం వంటి వాటితో పాటు, గది ఎంత చల్లగా ఉన్నది, గ్లాసు ఎటువంటిది, వడ్డించేవారికి ఆ పని ఏ మేరకు తెలుసు అన్నవి కూడా నేను లెక్కలోకి తీసుకున్నాను.

ఆ రెండు సీసాలు 2013 పంటకు చెందిన బరోలో. 2017 అక్టోబరులో నేను, మా వారు ఇటలీ వాయవ్యాన ఉన్న పియెమోంటే ప్రాంతానికి వెళ్లినప్పుడు, సెర్రాలుంగా అనే కొండ ఊరిలో ఒక చిన్న తోట యజమాని దగ్గర కొన్నాము. బరోలోను నెబ్బియోలో అనే ఒక్క ద్రాక్ష రకంతోనే చేస్తారు. కోసిన తరువాత కనీసం 38 నెలలు నిలవ ఉంచి, అందులో 18 నెలలు చెక్క పీపాలలో గడిపిన తరువాతే బజారుకు పంపాలని అక్కడి చట్టం. రిజర్వా అని పేరు పెట్టాలంటే 62 నెలలు ఆగాలి. 2013 అక్కడ చల్లగా సాగి కోత ఆలస్యమైన సంవత్సరం. సెర్రాలుంగా నేల నుంచి వచ్చే వైన్‌లకు గట్టి వగరు, దీర్ఘాయుష్షు ఉంటాయని పేరు. ఆ రోజు నేలమాళిగలో పీపాల మధ్య నిలబడి రుచి చూసినప్పుడు, పచ్చి చెక్కుతో కరక్కాయ కొరికినట్లుగా నా చిగుళ్లు బిగుసుకుపోయాయి. యజమాని నవ్వి, కనీసం పదేళ్ల వయసు వచ్చేదాకా దీనిని తెరవవద్దని చెప్పాడు. విదేశాల నుంచి వచ్చే ప్రయాణికులు ఒక్కొక్కరు రెండు లీటర్ల వరకు మద్యాన్ని సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు కనుక, ఆ రెండు సీసాలనూ చీరల మధ్య చుట్టి సింగపూర్ మీదుగా విశాఖకు చేర్చాము.

ఎం.వి.పి. కాలనీలో మా ఫ్లాటు సముద్రానికి దగ్గర. అక్కడ ఆ రెండు సీసాల దారులు వేరయ్యాయి. ఒకదానిని, మా వారు ముచ్చటపడి కొన్న చిన్న వైన్ ఫ్రిజ్‌లో 13 డిగ్రీల దగ్గర పడుకోబెట్టాము. రెండవ దానిని తమ్ముడి పెళ్లిరోజుకు ఇవ్వాలని రంగు కాగితంలో చుట్టి పడకగదిలోని బీరువా అడుగు అరలో దాచాము. ఆ తరువాత కరోనా రోజులు వచ్చాయి, రాకపోకలు ఆగిపోయాయి, బీరువాలోని సీసా బీరువాలోనే ఉండిపోయింది. ఈ డిసెంబరులో తమ్ముడికి ఆ సంగతి చెప్పగానే, "అయితే రెండూ కలిసే తెరుద్దాం అక్కా, ఒకటి సముద్రం దగ్గర, ఒకటి కొండ మీద" అన్నాడు.

మా ఫ్లాటు చిన్నది కనుక మొదటి రెండు రాత్రులకు వారిద్దరికీ బీచ్ రోడ్డులో ఒక పెద్ద హోటల్‌లో గది తీసుకున్నాము. బాల్కనీలో నుంచి ఒక వైపు డాల్ఫిన్స్ నోస్, మరొక వైపు కైలాసగిరి కనిపించే ఆ గదికి, శుభ్రతకు, ఉదయపు పెసరట్టుకు వంక పెట్టవలసినది లేదు. వైన్ విషయంలో మాత్రం వారి శ్రద్ధ చాలదు. మొదటి రాత్రి భోజనానికి మేము కూడా వెళ్లి నాసిక్ రెడ్ వైన్ గ్లాసులలో అడిగితే, బార్ బల్ల మీద దీపాల వేడికి నిలబెట్టి ఉంచిన, ఎప్పుడు తెరిచారో తెలియని సీసాలో నుంచి పోసి తెచ్చారు. గ్లాసును ముట్టుకుంటేనే గోరువెచ్చగా తగిలింది. రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రత వద్ద ఇవ్వాలన్న మాట చలి దేశాలలో, 16 నుంచి 18 డిగ్రీల గదులను దృష్టిలో పెట్టుకుని పుట్టినది. విశాఖ బార్‌లో ఆ మాటను యథాతథంగా పాటిస్తే వైన్‌లో ఆల్కహాల్ ఘాటు తప్ప మరేదీ మిగలదు. ఈ సంగతి నెమ్మదిగా చెప్పగానే, వడ్డిస్తున్న కుర్రవాడు ఏమాత్రం నొచ్చుకోకుండా కొత్త సీసా తెరిచి, బకెట్‌లో మంచుముక్కలతో పాటు నీళ్లు కూడా పోసి అందులో పది నిమిషాలు ఉంచి తెచ్చాడు. రెండవ గ్లాసు వేరే వైన్ అనిపించింది. బయటి సీసాలను భోజనశాలలో తెరవనివ్వమని వారు ముందే మర్యాదగా చెప్పారు కనుక మా సీసాల ప్రసక్తి అక్కడ రాలేదు.

మూడవ రోజు భీమిలి వెళ్లాము. నగరానికి పాతిక కిలోమీటర్ల ఎగువన, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఈ ఊరిలో డచ్చివారి కాలపు సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మేము దిగినది పాత పెంకుటింటిని బాగుచేసి నడుపుతున్న హోమ్‌స్టే. గోడలు మందంగా ఉండి మధ్యాహ్నం కూడా గదులు చల్లగా ఉన్నాయి. ఏసీ పాతది, చప్పుడు ఎక్కువ. అయితే డిసెంబరులో దాని అవసరమే పడలేదు. ఇంటి ఇల్లాలు చేసిన వంజరం చేపల పులుసు, రొయ్యల వేపుడు మరచిపోలేనివి. పెట్టిన చెయ్యి అంత పెద్దది, తీసుకున్న డబ్బు చాలా తక్కువ.

బీరువా సీసాను అక్కడ తెరిచాము. కాగితం విప్పగానే నాకు అనుమానం తగిలింది. బిరడా సీసా మూతి అంచు దాటి కాస్త పైకి వచ్చి ఉంది, దాని మీది రేకు కింద ఎండిన గోధుమరంగు జిగురు చార ఉంది. లోపలి ద్రవం ఎండాకాలంలో వ్యాకోచించి బిరడాను తోసినప్పుడు కొంత బయటికి కారుతుంది. చల్లబడి సంకోచించినప్పుడు ఆ సందులో నుంచి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఏడు వేసవులు ఇలాగే జరిగింది. గ్లాసులో పోస్తే రంగు పాత బెల్లం పానకంలా ఉంది. ఉడికించిన ఖర్జూరం వాసన, వెనకనే సన్నగా వెనిగర్ వాసన. మరదలు ఒక్క గుక్క తాగి, "వదినా, ఇది చింతపండు రసం మాడినట్లు ఉందే" అన్నది. సరిగ్గా అలాగే ఉంది. నేను కళాశాలలో రసాయన శాస్త్రం బోధించినదాన్ని; వేడి పెరిగితే రసాయనిక చర్యల వేగం పెరుగుతుందని ఎన్ని తరగతులలో చెప్పానో లెక్కలేదు. అన్ని చర్యలూ ఒకే పాళ్లలో వేగం పుంజుకోవు కనుక, వేడిలో ఉన్న వైన్ త్వరగా పండదు, మాడుతుంది. ఇంత తెలిసి కూడా నా ఇంటి బీరువాలో ఏముందో నేను చూసుకోలేదు, ఆ బాధ నాకు ఇంకా ఉంది. ఒకవేళ ఆ సీసా బాగున్నా ఆ రాత్రి భోజనానికి కుదిరేది కాదన్నది కూడా నిజమే. వగరు ఎక్కువగా ఉన్న రెడ్ వైన్ చేపతో కలిస్తే నోటిలో ఇనుము రుచి వస్తుంది, మిరప కారం ఆ వగరును ఇంకా రెచ్చగొడుతుంది.

నాలుగవ రోజు తెల్లవారుజామునే రెండవ సీసాతో తగరపువలస, శృంగవరపుకోట మీదుగా అనంతగిరికి బయలుదేరాము. గోస్తనీ పుట్టేది ఈ కొండలలోనే; బొర్రా గుహల మీదుగా ప్రవహించి ముందు రోజు మేము చూసిన భీమిలి తీరాన్ని చేరుతుంది. ఘాట్ రోడ్డు మలుపులలో సీసా కదలకుండా మా వారు దానిని తువ్వాళ్లలో చుట్టి ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. పాత వైన్‌లో అడుగున మడ్డి చేరుతుంది. వగరునిచ్చే పదార్థాలు, రంగునిచ్చే పదార్థాలు ఏళ్ల తరబడి ఒకదానితో ఒకటి ముడిపడి, బరువెక్కి అడుగుకు దిగినప్పుడే పైనున్న రసం మెత్తబడుతుంది. ప్రయాణంలో ఆ మడ్డి అంతా కలిసిపోతుంది కనుక, చేరిన రాత్రే తెరవకుండా సీసాను నిలువుగా పెట్టి మరునాటి సాయంత్రం దాకా ఆగాలని ముందే నిర్ణయించుకుని అక్కడ రెండు రాత్రులకు గదులు తీసుకున్నాము.

కాఫీ తోటల మధ్య ఉన్న ఆ కాటేజీలను సౌకర్యాల లెక్కన చూస్తే మూడింటిలో చివర పెట్టాలి. గీజర్ ఒక గదిలో పనిచేయలేదు, ఫిర్యాదు చేస్తే బకెట్లతో వేడినీళ్లు తెచ్చి ఇచ్చారు. దుప్పట్లు పలచన, అడిగితే గాని అదనంగా ఇవ్వలేదు. కరెంటు సాయంత్రం గంటసేపు పోయింది. వైన్ గ్లాసులు లేవు. నేను ఇంటి నుంచి నాలుగు గ్లాసులు, ఒక గాజు కూజా తెచ్చుకోకపోతే స్టీలు గ్లాసులలో తాగవలసి వచ్చేది. వంటమనిషి మాత్రం ఈ లోపాలన్నింటినీ మరిపించగల నేర్పరి. కారం బాగా తగ్గించి, మిరియాలు, ధనియాలు, కాస్త నెయ్యితో వేటమాంసం సన్నని సెగ మీద మూడు గంటలు వండమని చెబితే, ఎందుకని అడగకుండా అలాగే వండాడు. ఇక చలి సంగతి: మా వారు సంచిలో వేసుకొచ్చిన థర్మామీటర్, సీసా పెట్టిన మూల గదిలో సాయంత్రం అయిదింటికి 17 డిగ్రీలు చూపింది. బరోలోకు అంతకంటె మంచి గది విశాఖ చుట్టుపక్కల ఎంత డబ్బు పెట్టినా దొరకదని నాకు అనిపించింది.

పాత బిరడా పొడిపొడి అవుతుందేమోనని భయపడ్డాను గాని, ఇన్నేళ్లూ సీసా పడుకుని ఉన్నందున అది తడిగానే ఉండి నిదానంగా ఒక్క ముక్కలో వచ్చింది. కరెంటు పోయినందువల్ల వెలిగించిన కొవ్వొత్తి ఆ పూట పనికివచ్చింది. సీసా మెడ వెనుక దానిని నిలిపి, మా వారు వైన్‌ను కూజాలోకి సన్నని ధారగా వంచారు. నల్లని మడ్డి మెడ దగ్గరికి రాగానే ఆపేశారు. నెబ్బియోలో రంగు మొదటి నుంచీ పలచనే. ఇప్పుడు మధ్యలో దానిమ్మ గింజ ఎరుపు, అంచున ఇటుక రంగు కనిపించాయి. మొదటి అరగంట ఏమీ పలకలేదు. రెండు గంటల తరువాత ఎండిన గులాబీ రేకుల వాసన, దాని అడుగున కొత్తగా వేసిన రోడ్డు తారు వాసన రెండూ ఒకేసారి వచ్చాయి. ఈ రెండు వాసనలనే బరోలోకు గుర్తుగా చెబుతారని 2017లో విన్నాను, ఆనాడు నాకు వగరు తప్ప ఏదీ అందలేదు. ఆ వగరు ఇప్పుడూ ఉంది, కాని మాంసంలోని కొవ్వును పట్టుకుని నాలుకను శుభ్రం చేసి వెళ్లిపోతోంది. తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అక్కా, మొన్నటిదీ ఇదీ ఒకే పీపాలోవి అంటే నమ్మలేకపోతున్నాను" అన్నాడు.

ఈ మాదిరి వైన్‌తో విశాఖ వచ్చేవారు ఉంటే, చలికాలంలో కొండ మీద రెండు రాత్రులు ఉండేలా చూసుకోవాలని, గ్లాసులు వెంట తెచ్చుకోవాలని నా సలహా. వేసవిలో వస్తే బీచ్ రోడ్డు హోటల్ గదే మేలు. ఏసీ గదిలో తాగడానికి అరగంట ముందు సీసాను మామూలు ఫ్రిజ్‌లో పెడితే చాలు. చేపల కోసం భీమిలికి ఎప్పుడైనా వెళ్లవచ్చు, అక్కడికి మాత్రం రెడ్ వైన్ వద్దు. ఇంట్లో ఏళ్ల తరబడి దాచదలచుకున్నవారు ఫ్రిజ్‌కు ఇన్వర్టర్ కలుపుకోవడం మంచిది, ఎందుకంటే 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధికి కరెంటు రావడానికి ఎన్ని రోజులు పట్టిందో నాకు గుర్తుంది. సముద్రపు తేమ బిరడాకు మంచిదే గాని లేబుల్‌కు బూజు పట్టిస్తుంది. మా సీసా మీద ఊరి పేరులో సగం అక్షరాలు అప్పటికే పోయాయి.

మరునాడు ఉదయం సామాను సర్దుతుండగా వంటమనిషి ఖాళీ సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అడుగున మిగిలినది చూసి, "అమ్మా, ఇది మన కాఫీ మడ్డిలాగే ఉందండి" అన్నాడు. నేను కాస్త గ్లాసులోకి వంచి అతనికి ఇచ్చాను. వాసన చూసి, ఒకసారి నా వైపు, ఒకసారి తోట వైపు చూసి, గులాబీలు ఎక్కడ ఉన్నాయని అడిగాడు.